మెట్రోనిడజోలా, ఫెన్‌బెండజోలా? కుక్కలకు, పిల్లులకు ప్రోటోజోవా మందు ఎంచుకునే ముందు

వారానికి ఒకసారైనా నా ఫోన్‌కి ఓ ఫొటో వస్తుంది. టైల్స్ మీద పలచగా, జిగురుగా పడిన మోషన్. దాని కింద ఒకటే ప్రశ్న: "అక్కా, మెట్రోజిల్ ఎంత వేయాలి?" మెట్రోజిల్ అంటే మెట్రోనిడజోల్‌కి షాపులో ఉన్న ఒక బ్రాండ్ పేరు. పొద్దున్నే కాఫీ తాగుతూ ఆ ఫొటోలు చూడటం ఇప్పుడు నాకు అలవాటే. వీధి కుక్కపిల్లల్ని, పిల్లికూనల్ని ఇంటికి తెచ్చి, నయం చేయించి దత్తతకిచ్చే పనిలో పదకొండేళ్లుగా ఉన్నాను. నేను డాక్టర్ని కాదు. విజయవాడ చుట్టుపక్కల వెట్ డాక్టర్ల బల్లల పక్కన నిలబడి, చెవులు రిక్కించుకుని వింటూ, ఏడుస్తున్న పిల్లల్ని పట్టుకున్నదాన్ని మాత్రమే. ఎంత వేయాలన్నది రెండో ప్రశ్న. లోపల ఉన్నది ఏ పురుగు అన్నది మొదటి ప్రశ్న. ఆ మొదటిది ఎవరూ అడగరు.

ప్రోటోజోవాలంటే ఒకే కణం ఉండే పరాన్నజీవులు. కంటికి కనబడవు, నులిపురుగుల్లా మోషన్‌లో పాకుతూ బయటికి రావు. మన దగ్గర కుక్కల్లో, పిల్లుల్లో తరచుగా ఎదురయ్యేవి మూడు నాలుగే. పేగుల్లో గియార్డియా, కాక్సీడియా. రక్తంలో బబీసియా. పిల్లుల్లో వీటికి తోడు ఇంకో రెండు, టాక్సోప్లాస్మా, ట్రైట్రైకోమోనాస్. ఒకదానికి పనిచేసే మందు ఇంకోదాన్ని తాకను కూడా తాకదు. మెట్రోనిడజోల్ కాక్సీడియాను ఏమీ చేయదు. సల్ఫా మందు గియార్డియాకు పనికిరాదు. అందుకే "మోషన్స్‌కి మంచి మందు" అనేది లేదు.

మోషన్స్‌తో వచ్చిన పిల్లకు ముందు చేయించాల్సింది మోషన్ టెస్ట్. అదీ తాజాది, గంట రెండు గంటల లోపుది. ఒక చుక్క సెలైన్‌లో కలిపి గాజు స్లైడ్ మీద పెట్టి మైక్రోస్కోప్‌లో చూస్తే గియార్డియా ఎండుటాకు రాలుతున్నట్టు ఊగుతూ కదులుతుంది. ఒకసారి చూస్తే మర్చిపోలేరు. చిక్కేమిటంటే అది రోజూ బయటికి రాదు. అందుకే మూడు నుంచి ఐదు రోజుల వ్యవధిలో మూడు సార్లు శాంపిల్ ఇమ్మంటారు. మన ఊళ్లో ల్యాబ్ లేకపోతే గన్నవరం, తిరుపతి, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులు ఉన్నాయి. పిల్లతోపాటు ఐస్‌క్రీమ్ డబ్బాలో శాంపిల్ పట్టుకుని బస్సెక్కిన రోజులు నాకున్నాయి.

గియార్డియా తేలిందనుకుందాం. ఇప్పుడు అసలు పోలిక మొదలవుతుంది.

ఒక పక్క ఫెన్‌బెండజోల్. నిజానికి ఇది నులిపురుగుల మందు. కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల చొప్పున రోజుకోసారి, మూడు నుంచి ఐదు రోజులు, అన్నంతో కలిపి. ఆరు కిలోల పిల్లకు రోజుకు 300 మిల్లీగ్రాములు. దీని గొప్పదనం భద్రతే. ఒకరోజు పొరపాటున రెండుసార్లు పడినా సాధారణంగా ఏమీ కాదు. కడుపుతో ఉన్న కుక్కకు కూడా డాక్టర్లు రాస్తారు. పైగా కొంకిపురుగులు, ఏలికపాములు, విప్‌వార్మ్‌లు ఉంటే అవీ పోతాయి. వీధి నుంచి వచ్చిన పిల్లలో అవి లేకపోవడమే వింత. ఫెబాంటెల్, పైరాంటెల్, ప్రాజిక్వాంటెల్ కలిపిన బిళ్లలు చాలా షాపుల్లో ఉంటాయి. అందులో ఫెబాంటెల్ శరీరంలోకి వెళ్లాక మారేది ఫెన్‌బెండజోల్‌గానే. అందుకే గియార్డియాకు అవి కూడా మూడు రోజుల కోర్సుగా రాస్తారు. డీవార్మింగ్‌కి వేసినట్టు ఒక్క బిళ్ల వేసి ఊరుకుంటే గియార్డియా పోదు.

ఇంకో పక్క మెట్రోనిడజోల్. కిలోకు 15 నుంచి 25 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఐదు నుంచి ఏడు రోజులు. చవక, ప్రతి సందు చివర దొరుకుతుంది, మన ఇంట్లో కూడా స్ట్రిప్ ఉండే ఉంటుంది. మోషన్ తొందరగా గట్టిపడుతుంది కాబట్టి మందు పనిచేసిందని సంబరపడతాం. కానీ గట్టిపడటం వేరు, గియార్డియా పోవడం వేరు. ఈ మందు పేగుల్లో ఉండే మంచి బాక్టీరియాను కూడా ఊడ్చేస్తుంది. ఆ నష్టం పూడటానికి వారాలు పడుతుంది. యూరప్ పశువైద్య నిపుణుల బృందం ఒకటి 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, కుక్కకు అకస్మాత్తుగా మామూలు విరేచనాలు వస్తే మెట్రోనిడజోల్ సహా యాంటీబయాటిక్స్ ఏవీ వద్దని చెప్పింది. టెస్ట్ చేయకుండా అలవాటుగా రాసే రోజులు పోతున్నాయి. పోవాలి కూడా.

రెండు మందుల తేడా నాకు బాగా అర్థమైంది మా పక్కింటి బాబాయిగారి చింటూ వల్ల. నాలుగు కిలోల నాటు కుక్కపిల్ల. మోషన్స్ పట్టుకుంటే బాబాయిగారు మనవడికి తెచ్చిన స్ట్రిప్ తీసి 400 మిల్లీగ్రాముల బిళ్లను సగం విరిచి పొద్దునో ముక్క, రాత్రో ముక్క వేశారు. "సగమే కదమ్మా, పిల్లాడికైతే మొత్తం వేస్తాం" అన్నారు. లెక్క వేద్దాం. సగం అంటే 200. రోజుకు రెండుసార్లు అంటే 400. నాలుగు కిలోలతో భాగిస్తే కిలోకు రోజుకు 100 మిల్లీగ్రాములు. రోజుకు కిలోకు 60 దాటితే మెదడు మీద దెబ్బ పడే ప్రమాదం ఉంటుంది. చాలా రోజులు వాడితే అంతకంటే తక్కువలో కూడా రావచ్చు.

ఏడో రోజు పొద్దున చింటూ గిన్నె దగ్గరికి వస్తూ కుడివైపుకి ఒరిగింది. కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయి, తాగినవాడి నడకలా. తల ఓ పక్కకి వాల్చింది. దగ్గరికెళ్లి చూస్తే కళ్లు ఎడమకీ కుడికీ గిలగిలా కొట్టుకుంటున్నాయి. పిన్నిగారు దెయ్యం పట్టిందేమోనన్నారు. డాక్టరుగారు ఒక్క ప్రశ్న అడిగారు: "ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని రోజులు?" మందు ఆపించి, డయాజిపామ్ ఇచ్చి అబ్జర్వేషన్‌లో పెట్టుకున్నారు. మూడో రోజుకి చింటూ నేరుగా నడిచింది. ఈ విషప్రభావానికి డయాజిపామ్ వాడితే కోలుకోవడానికి పట్టే సమయం బాగా తగ్గుతుంది. వాడకపోతే వారం దాటినా దాటుతుంది. బాబాయిగారికి కోపం వచ్చింది, బిళ్ల మీద కాదు, తన మీద.

అందుకని నా ఓటు: గియార్డియా అని తేలితే ముందు ఫెన్‌బెండజోల్. అది పనిచేయకపోయినా, పిల్ల బాగా నీరసించినా మెట్రోనిడజోల్ జోడించాలా వద్దా అనేది డాక్టరుగారి నిర్ణయం. కడుపుతో ఉన్న కుక్కకు, లివర్ బాగాలేని కుక్కకు మెట్రోనిడజోల్ అయితే మళ్లీ అడగండి, మొహమాటపడొద్దు. అది మన దేశంలో షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండా ఇవ్వకూడనిది. షాపువాళ్లు ఇచ్చేస్తారనేది వేరే సంగతి.

ఇంట్లో మన కోసం తెచ్చుకున్నవి మరికొన్ని ఉంటాయి. ఆఫ్లాక్సాసిన్‌తో ఆర్నిడజోల్ కలిపిన బిళ్ల మనకు లూజ్ మోషన్స్ అనగానే గుర్తొస్తుంది. ఆ మొదటి సగం, అంటే ఆఫ్లాక్సాసిన్ జాతి మందులు, పెరిగే కుక్కపిల్లల కీళ్లలో మృదులాస్థిని దెబ్బతీస్తాయి. ఇంకొకటి ఆల్బెండజోల్, నులిపురుగుల దినోత్సవం నాడు బడిలో పిల్లలకిచ్చే 400 మిల్లీగ్రాముల బిళ్ల. గియార్డియాను చంపుతుంది, నిజమే. కానీ కుక్కల్లో, పిల్లుల్లో ఎముకల మజ్జను దెబ్బతీసి రక్తకణాలు పడిపోయేలా చేస్తుంది. పేరు చివర "బెండజోల్" ఉందని ఫెన్‌బెండజోల్ బదులు ఇది వేయకండి. పిల్లల సిరప్‌లు కొన్నిటిలో తీపి కోసం జైలిటాల్ వాడతారు, అది కుక్కకు విషం. సీసా మీద చిన్నక్షరాలు చదవందే మూత తీయొద్దు.

గియార్డియా గురించి చివరి మాట మందు గురించి కాదు, స్నానం గురించి. దాని సిస్టులు, అంటే గట్టి తొడుగులో ఉండే గియార్డియా, మోషన్‌తో బయటపడిన క్షణం నుంచే అంటుకోగలవు. పిల్ల తోక కింద, వెనక కాళ్ల బొచ్చుకు పట్టుకుని ఉంటాయి. నాకుతుంది, మళ్లీ మొదలవుతుంది. కోర్సు చివరి రోజున షాంపూతో వెనకభాగం బాగా రుద్ది కడగాలి, దుప్పట్లు మార్చాలి, గిన్నెలు వేడినీళ్లలో ముంచాలి. ఈ సిస్టులకు ఎండ, పొడిబారడం పడవు. మన బెజవాడ ఎండలు ఇక్కడ ఒక్కచోట పనికొచ్చాయి. నేలను కడిగి తడి ఆరేదాకా వదిలేస్తాను. "మందు పనిచేయలేదు" అని నా దగ్గరికి వచ్చిన వాటిలో చాలా కేసుల్లో మందు పనిచేసింది, స్నానం జరగలేదు.

కాక్సీడియా సంగతి కాస్త తేలిక. రెండు మూడు నెలల లోపు పిల్లల్లో, పెట్ షాపు నుంచి తెచ్చిన వారానికి నీళ్లలాంటి మోషన్, అప్పుడప్పుడు రక్తపు చారలు. పెద్ద కుక్క ఆరోగ్యంగా ఉండి టెస్ట్‌లో నాలుగు కనబడితే మందు అక్కర్లేకపోవచ్చు. కోళ్ల దొడ్లో తిరిగే కుక్క కోడిరెట్ట తిని వస్తే అందులోని కోడి కాక్సీడియా దాని మోషన్‌లో అలాగే బయటికొస్తుంది. అది కుక్క జబ్బే కాదు.

మందు వేయాల్సివస్తే రెండు దారులు. సల్ఫా మందులు పాతవి, చవక. అవి పురుగును చంపడం కంటే పెరగకుండా ఆపుతాయి. మిగతా పని పిల్ల ఒంట్లోని రోగనిరోధకశక్తి చేసుకోవాలి. అందుకే కోర్సు రోజుల తరబడి సాగుతుంది, నీళ్లు బాగా తాగించాలి. డాబర్‌మాన్ ఉంటే ముందే చెప్పండి. ఆ జాతికి సల్ఫాతో కీళ్లవాపు, జ్వరం లాంటి రియాక్షన్లు ఎక్కువ. ఎక్కువకాలం వాడితే ఏ కుక్కకైనా కంట్లో తడి ఆరిపోయే సమస్య రావచ్చు. రెండోది టోల్ట్రాజురిల్. ఒకటి రెండు మోతాదులతోనే పని తేలుస్తుంది, పురుగును నేరుగా చంపుతుంది. షెల్టర్‌లో పదిహేను పిల్లలుంటే నేను దీన్నే కోరుకుంటాను.

కానీ మన రాష్ట్రంలో దానికో చిక్కుంది. కోళ్ల ఫారాలు ఎక్కువ, కోళ్ల మందుల షాపులో టోల్ట్రాజురిల్ సులువుగా దొరుకుతుంది. నీళ్లలో కలిపే ఆ 2.5 శాతం ద్రావణం క్షారగుణం ఉన్నది. నేరుగా పిల్ల నోట్లో పోస్తే నోరు, గొంతు మండుతాయి. పందిపిల్లల కోసం తయారైన 5 శాతం సస్పెన్షన్ వేరు. ఒక మిల్లీలీటర్‌లో మొదటిదానిలో 25 మిల్లీగ్రాములు, రెండోదానిలో 50. డాక్టరుగారు ఒకటి మనసులో పెట్టుకుని చెప్పిన మిల్లీలీటర్లు మీరు ఇంకోదాంతో వేస్తే మోతాదు సగమో, రెట్టింపో అవుతుంది. కిలో పిల్లకు 0.8 మిల్లీలీటర్లా, 0.4 మిల్లీలీటర్లా అన్న తేడా సిరంజి మీద రెండు మూడు గీతలంతే. మిల్లీలీటర్లు కాదు, మిల్లీగ్రాములు అడగండి. శుభ్రం చేయడంలో కూడా గియార్డియాతో తేడా ఉంది. కాక్సీడియా గుడ్లకు బ్లీచింగ్ లెక్కలేదు, మరిగే నీళ్లకే లొంగుతాయి. బయటపడ్డాక అంటుకునే స్థితికి రావడానికి ఒక రోజు పైచిలుకు పడుతుంది కాబట్టి మోషన్ రోజూ ఎత్తేస్తే సగం గెలిచినట్టే.

ఇప్పుడు బబీసియా. గోమార్ల వల్ల వచ్చేది. మనవాళ్లు "టిక్ ఫీవర్" అని ఒకే పేరుతో పిలుస్తారు గానీ అందులో రెండు వేర్వేరు జబ్బులున్నాయి. ఎర్లీకియా బాక్టీరియా జాతిది, దానికి డాక్సీసైక్లిన్. బబీసియా ప్రోటోజోవా, ఎర్రరక్తకణాల్లో దూరి వాటిని పగలగొడుతుంది. చిగుళ్లు తెల్లకాగితంలా పాలిపోతాయి, మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తుంది. ఒకే గోమారి రెండూ అంటించగలదు. డాక్సీ వాడుతున్నాం కదా అని బబీసియాను వదిలేసి కుక్కల్ని పోగొట్టుకున్నవాళ్లున్నారు. చెవి అంచు నుంచి తీసిన రక్తపు చుక్కతో స్లైడ్ వేయించండి.

బబీసియాలో కూడా రెండు రకాలు. కణంలో జంటగా, పెద్దగా, వేరుశనగ గింజల్లా కనబడేది ఒకటి. చిన్న ఉంగరంలా కనబడేది రెండోది, బబీసియా గిబ్సోని. ఈ రెండోదాన్ని 1910లో ప్యాటన్ అనే ఆయన మొదట గుర్తించింది మద్రాసులోనే. అక్కడి తెల్లదొరల వేట క్లబ్బు, మద్రాస్ హంట్ కుక్కల రక్తంలో, ఆ తర్వాత నక్కల్లో. అంటే ఇది మన పక్కింటి జబ్బు, విదేశాల నుంచి దిగింది కాదు. గోమార్లతోనే కాదు, కుక్కల కాట్లాటలో రక్తం కలిస్తే కూడా అంటుకుంటుంది.

పెద్దరకం బబీసియాకు డిమినజీన్ గానీ, ఇమిడోకార్బ్ గానీ పనిచేస్తాయి. డిమినజీన్ పశువుల ఆసుపత్రుల్లో గేదెలకు, ఆవులకు వాడే పొడి, నీళ్లు కలిపి కండకు ఇచ్చే ఇంజెక్షన్. చవక, ఊళ్లో దొరుకుతుంది. కిలోకు 3.5 మిల్లీగ్రాముల ఒక్క మోతాదు. ఇక్కడ జాగ్రత్త: సరైన మోతాదుకీ, ప్రమాదానికీ మధ్య సందు చాలా సన్నం. ఎక్కువైతే మెదడులో రక్తస్రావమై కుక్క పడిపోతుంది, చాలాసార్లు లేవదు. పశువుల లెక్కలో చేతి అలవాటు మీద ఇచ్చే మందు కాదిది. కుక్కను తూకం మీద నిలబెట్టకుండా ఈ ఇంజెక్షన్ ఎక్కించుకోకండి. ఇమిడోకార్బ్ కిలోకు 6.6 మిల్లీగ్రాములు, పద్నాలుగు రోజుల తేడాతో రెండుసార్లు. సూది వేసిన చోట మంటకు కుక్క కేక పెడుతుంది, కొద్ది నిమిషాల్లో చొంగ కారుస్తుంది, వాంతి చేసుకుంటుంది. ముందే అట్రోపిన్ ఇస్తే ఆ గోల తగ్గుతుంది. గోమార్ల కోసం ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందుతో స్నానం చేయించి ఉంటే ఆ మాట డాక్టరుగారికి చెప్పి తీరాలి, రెండూ కలిస్తే ప్రమాదం. రెండిట్లో నా మనసు ఇమిడోకార్బ్ వైపే. చొంగ కనబడుతుంది, తగ్గిపోతుంది. మెదడు దెబ్బ అలా కాదు.

గిబ్సోని అయితే ఈ రెండూ అంతగా చాలవు. జ్వరం తగ్గుతుంది, కుక్క తింటుంది, నెలలు గడిచాక మళ్లీ పడుతుంది. దీనికి అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ కలిపిన పది రోజుల కోర్సు మెరుగైన దారి. అటోవాక్వోన్ రోజుకు మూడుసార్లు, కొవ్వున్న తిండితో కలిపి ఇవ్వాలి, లేదంటే ఒంటికి ఎక్కదు. నేను నేతిలో కలిపిన కోడిగుడ్డుతో ఇస్తాను. ఖర్చు వేలల్లోకి వెళుతుంది, ప్రతి మెడికల్ షాపులో దొరికే సరుకు కాదు. మలేరియా కోసం అటోవాక్వోన్‌తో ప్రోగ్వానిల్ కలిపిన బిళ్లలు దొరుకుతాయి గానీ ఆ ప్రోగ్వానిల్ కుక్కల్లో వాంతులు తెస్తుంది. డబ్బు సర్దుబాటు కాకపోతే క్లిండామైసిన్, డాక్సీసైక్లిన్, మెట్రోనిడజోల్ కలిపి వాడే పద్ధతి ఉంది. అది నెమ్మది, కానీ సిగ్గుపడాల్సిన ఎంపికేమీ కాదు. ఉన్న డబ్బు ఎంతో డాక్టరుగారికి మొదటే చెప్పేయండి, ఆయన దాన్నిబట్టే ప్లాన్ వేస్తారు. ఏ దారైనా, కోర్సు అయిన 60, 90 రోజులకు పీసీఆర్ (రక్తంలో పరాన్నజీవి జన్యుపదార్థాన్ని వెతికే టెస్ట్) చేయిస్తేనే పోయిందో లేదో తెలుస్తుంది. ఒకసారి గిబ్సోని వచ్చిన కుక్కను రక్తదానానికి పంపొద్దు.

పిల్లుల దగ్గరికి వస్తే, మందు కంటే మందు వేయడమే పెద్ద పని. మెట్రోనిడజోల్ బిళ్లను నలిపి పాలలో కలిపారో, పిల్లి నోటి నుంచి సబ్బునురగలా నురగ వస్తుంది. చూసినవాళ్లు ఫిట్స్ అనుకుని పరిగెత్తుతారు. ఫిట్స్ కాదు, చేదు. ఖాళీ క్యాప్సూల్‌లో పెట్టి మింగించడం మేలు, లేదంటే చేదు తక్కువైన మెట్రోనిడజోల్ బెంజోయేట్ సస్పెన్షన్ డాక్టరుగారు రాస్తే వాడాలి. క్లిండామైసిన్, డాక్సీసైక్లిన్ క్యాప్సూళ్లు వేశాక సిరంజితో ఐదు మిల్లీలీటర్ల నీళ్లు పట్టించండి. పొడిగా మింగిన క్యాప్సూల్ ఆహారనాళంలో అతుక్కుని పుండు చేస్తుంది. టాక్సోప్లాస్మా జబ్బుగా ముదిరిన పిల్లికి క్లిండామైసిన్ నాలుగు వారాలు సాగుతుంది, అంటే ఆ సిరంజి యాభై అరవైసార్లు పట్టుకోవాలి. ఓపిక లెక్కేసుకుని మొదలుపెట్టండి.

పెద్ద పేగు పట్టి, దుర్వాసనతో, మూడు నెలలైనా తగ్గని మోషన్స్ ఉన్న పిల్లులు కొన్ని ఉంటాయి. వాటిలో ట్రైట్రైకోమోనాస్ ఉండొచ్చు. గియార్డియా అనుకుని మెట్రోనిడజోల్ మీద మెట్రోనిడజోల్ పోస్తారు, పోదు. దానికి రోనిడజోల్ కావాలి, కిలోకు 30 మిల్లీగ్రాముల చొప్పున రోజుకోసారి, రెండు వారాలు. ఇదీ మెదడును తాకే మందే. పావురాల కోసం అమ్మే పొడిని కొలవకుండా చిటికెడు వేసే పని అసలు చేయకండి.

గియార్డియా కోర్సు అయ్యాక మళ్లీ టెస్ట్ గురించి ఒక్క మాట. కోర్సు ముగిసిన ఒకటి రెండు రోజుల్లో మైక్రోస్కోప్ కింద మోషన్ చూపించండి. క్లినిక్‌లో పావుగంటలో చెప్పే యాంటిజెన్ కిట్ మాత్రం, జబ్బు పోయాక కూడా చాలా రోజులు పాజిటివ్ చూపిస్తూనే ఉంటుంది. మోషన్ గట్టిగా ఉండి, పిల్ల గంతులేస్తూ, కిట్ మీద రెండో గీత సన్నగా కనబడితే టెన్షన్ పడి ఇంకో కోర్సు మొదలుపెట్టకండి. పోయిన నెల అలాంటి గీత ఒకటి పట్టుకుని చింటూ వాళ్ల బాబాయిగారే వచ్చారు, జేబులో స్ట్రిప్ లేకుండా.